స్పైడర్ కడితే బ్రష్ అవుతోంది, పెంకు పురుగు కడితే ఈక తెగుతోంది. ఎక్కడ తప్పు?

మొదటిముడి (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ట్రౌట్ చేపల కోసం ఫ్లైలు (గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగుల్లా చేసే ఎరలు) సొంతంగా కట్టడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. అన్నీ మీదేసుకోకుండా రెండే రెండు పట్టుకున్నా. ఒకటి పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ అనే స్పైడర్ (సన్నటి ఒంటికి ముందర మెత్తటి ఈక చుట్టే రకం), రెండోది నెమలి ఈకతో చేసే నల్ల పెంకు పురుగు.

వెట్ ఫ్లైలలో, అంటే నీళ్ళలో మునిగేవాటిలో, పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ కంటే తేలికైనది లేదంటారు కదా, నారింజ పట్టుదారం ఒకటి, కౌజు ఈక ఒకటి, అంతే సరుకు. నాది మాత్రం సీసాలు కడిగే బ్రష్‌లా వస్తోంది. హాకిల్ (ముందర చుట్టే ఈక) నాలుగు చుట్లు వేశా, ఒళ్ళు నిండుగా కనపడాలని దారం నాలుగు పొరలు చుట్టా. నీళ్ళలో వేస్తే మునగదు, ఒక పక్కకి ఒరిగి తేలుతూ పోతుంది.

పెంకు పురుగుది ఇంకో బాధ. 12వ నంబరు గాలం మీద నెమలి ఈక పోగులు నాలుగు కలిపి చుట్టి ముందర నల్ల హాకిల్ వేస్తున్నా. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మొదటి చేప పళ్ళు తగలగానే పోగు తెగి, మొత్తం చుట్టు ఊడిపోయి వెనకాల తోకలా వేలాడుతుంది. ఒక్కో పురుగుకి ఒక్కో చేప అంటే ఎలా? ఫోటో పెడదామంటే నా ఫోన్‌కి ఇంత దగ్గరి వస్తువు ఫోకస్ కావట్లేదు.

నీటికోడి (శనివారం, రాత్రి 10:15)

ఫోటో అక్కర్లేదు. నాలుగు చుట్లు అన్నారుగా, కనపడింది.

హాకిల్ ఒకటిన్నర చుట్టు, మహా అయితే రెండు. అదీ ఈకలో ఒక వైపు పోగులు పీకేసి, రెండో వైపు మాత్రమే ఉంచి చుట్టండి. కౌజు ఈక వెట్ ఫ్లైలో ఎందుకు పనికొస్తుందంటే, పోగులు మెత్తగా ఉండి ప్రవాహానికి ముడుచుకుంటాయి, వదిలితే విచ్చుకుంటాయి. ప్రాణమున్నట్టు కనపడేది ఆ కదలిక వల్లే. పోగులు గుబురుగా ఉంటే ఒకదానికొకటి ఆనుకుని గొడుగులా నిలబడిపోతాయి, గాలి పట్టుకుంటాయి, అందుకే మీది తేలుతోంది. పోగు పొడవు గాలం వంపు దాకా వస్తే చాలు, ఒక వెంట్రుకవాసి దాటినా ఫర్వాలేదు.

దారం విషయానికొస్తే, గాలం కంటి (లైను కట్టే రంధ్రం) దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళేటప్పుడు ఒక పొర, తిరిగి వచ్చేటప్పుడు ఒక పొర. మూడోది వద్దు. వెనక ఎక్కడ ఆపాలంటే గాలం మొనకి సరిగ్గా పైన. చాలామంది వంపులోకి దిగిపోతారు, అప్పుడది స్పైడర్ కాదు, గొంగళి పురుగు.

మొదటిముడి (శనివారం, రాత్రి 10:31)

ఒకటిన్నరా!! మరి చేపకి కనపడుతుందా అండీ అది?

నీటికోడి (శనివారం, రాత్రి 10:38)

నీళ్ళలో ఉన్న అసలు పురుగు ఎంత లావుంటుందో ఎప్పుడైనా చూశారా? గాజు సీసాలో ఒక దాన్ని పట్టి చూడండి. మనం కట్టేదాంట్లో సగం కూడా ఉండదు. ట్రౌట్ దాన్ని రోజుకి వందల సార్లు చూసి తింటోంది, మీ ఫ్లై కనపడకపోవడం అనే సమస్యే లేదు.

పట్టుదారం (ఆదివారం, ఉదయం 6:20)

నా పేరు చూస్తే తెలుస్తుంది నేనేం మాట్లాడతానో 🙂

మీరు వాడేది నిజంగా పట్టేనా, పాలియెస్టరా? అది ముందు చెప్పండి. ఎందుకంటే ఈ పాత స్పైడర్లలో రంగంతా దారం తడిశాకే తేలుతుంది. నారింజ పట్టు రీలు మీద మెరిసిపోతూ ఉంటుంది, తడవగానే ముదిరి కింద ఉన్న నల్ల గాలం ఛాయ పైకి తెలుస్తుంది, మొత్తం కలిసి ఎర్రమట్టి లాంటి గోధుమరంగుకి దిగుతుంది. ఊదా రంగుదైతే దాదాపు నల్లబడుతుంది. పాలియెస్టర్ అంతగా మారదు, నీళ్ళలో కూడా నారింజ మిఠాయిలా వెలుగుతూనే ఉంటుంది. దానికి చేపలు పడవని కాదు, పడతాయి, కానీ మీరు కట్టింది పాతవాళ్ళు కట్టినది కాదు. కట్టాక గ్లాసు నీళ్ళలో ముంచి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, నేను ప్రతి కొత్త రీలుకీ అదే చేస్తాను. గ్లాసులో చూసి నచ్చక పక్కన పడేసిన రీళ్ళు ఒక డబ్బాడు ఉన్నాయి, ఇంట్లోవాళ్ళకి చెప్పకండి.

ఇక మైనం. గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే ఫ్లై కథ తెలిసే ఉంటుంది. 1854లో స్కాట్లాండ్‌లోని ట్వీడ్ నది మీద విలియం గ్రీన్‌వెల్ అనే మతాధికారి, చేపలు ఏదో పురుగుని తింటూ తన ఫ్లైలని పట్టించుకోకపోతే, ఆ పురుగుని పట్టుకెళ్ళి స్ప్రౌస్టన్‌లో జేమ్స్ రైట్ అనే ఫ్లైలు కట్టేవాడికి చూపించి ఇలాంటిది కట్టమన్నాడు. దాని ఒళ్ళు పసుపు పట్టుదారమే, కానీ చెప్పులు కుట్టేవాళ్ళ నల్ల మైనం రుద్దేసరికి ఆ పసుపు ఆలివ్ ఆకుపచ్చకి తిరుగుతుంది. పసుపు దారాన్ని మైనం లేకుండా చుట్టి "నా గ్రీన్‌వెల్‌కి ఏదీ పడట్లేదు" అనేవాళ్ళని నేను ముగ్గుర్ని చూశా. ముక్క మైనం వేళ్ళ మధ్య నలిపి వెచ్చబడ్డాక దారాన్ని దాంట్లోంచి రెండు మూడు సార్లు గట్టిగా లాగాలి. ఎన్ని సార్లు లాగితే అంత ముదురుతుంది, కాబట్టి ఎక్కడ ఆపాలో మీ చేతికే తెలియాలి.

ఇంకొక్క మాట, చుట్టేటప్పుడు దారం మెలి పడి తాడులా అయిపోతుంది. బాబిన్‌ని (దారం రీలు పట్టే పనిముట్టు) వేలాడదీసి గడియారానికి ఎదురు దిక్కుగా తిప్పండి, మెలి విడిపోయి దారం రిబ్బన్‌లా చదునుగా పరుచుకుంటుంది. మీ ఒళ్ళు లావవడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది.

గాలిపటం_3 (ఆదివారం, ఉదయం 8:05)

అన్నా ఇంత గొడవ ఎందుకు. పెంకు పురుగుకి నెమలి ఈక మానెయ్, నల్ల ఫోమ్ ముక్క మడిచి కట్టు. మూడు నిమిషాల పని. తెగదు, మునగదు, నలభై చేపలు పట్టినా అలాగే ఉంటుంది. పైన నారింజ రంగు చుక్క పెట్టుకుంటే నీడలో కూడా కనిపిస్తుంది.

నీటికోడి (ఆదివారం, ఉదయం 8:11)

దాన్ని ఫ్లై అనరు. తెగిన చెప్పు ముక్క అంటారు.

గాలిపటం_3 (ఆదివారం, ఉదయం 8:12)

చెప్పు ముక్కకి పడ్డ చేపల్ని లెక్కపెట్టమంటారా సార్ 😂

నల్లపెంకు (ఆదివారం, ఉదయం 9:30)

ఇద్దరూ ఆగండి. ఇది నా సబ్జెక్టు.

పెంకు పురుగు నీళ్ళలో పడ్డాక ఏమవుతుందో ముందు చూడాలి. డ్రై ఫ్లైలా, అంటే నీటి మీద తేలేదానిలా, కాళ్ళ మీద నిలబడదు. బరువైన ఒళ్ళు, గట్టి పెంకు, సగం మునిగి నీటి పొరలో ఇరుక్కుపోయి కాళ్ళు కొట్టుకుంటూ ఉంటుంది. కాసేపటికి కొన్ని తడిసి పొర కిందికి దిగిపోతాయి. అంటే ట్రౌట్ దాన్ని రెండు చోట్ల తింటుంది, పొరలో ఒకసారి, కింద ఒకసారి. ఫోమ్ మొదటిదానికి, నెమలి ఈక రెండోదానికి. పోటీ ఎక్కడుంది ఇందులో?

మొదటిముడి గారూ, మీ నెమలి ఈక సమస్యకి మందులు ఉన్నాయి, వరసగా చెప్తా. మొదటిది, ఈక పోగు చివర సన్నగా పెళుసుగా ఉంటుంది, ఆ చివర ఒక అంగుళం దాకా కత్తిరించి పారేసి మిగతా గట్టి భాగాన్ని కట్టండి. రెండోది, నాలుగు పోగుల్నీ పక్కపక్కన పరిచి చుట్టకండి, కట్టు దారంతో కలిపి వదులుగా మెలేసి తాడులా చేసి చుట్టండి. దారమే లోపల వెన్నెముక అవుతుంది, ఒక పోగు తెగినా మిగతావి జారవు. మరీ గట్టిగా మెలేస్తే చేతిలోనే తెగుతాయి, నాలుగైదు మెలికలు చాలు. మూడోది, సన్నటి రాగి తీగ. ఈక ఎటు చుట్టారో దానికి ఎదురు దిక్కులో తీగ చుట్టుకుంటూ రావాలి. ఒకే దిక్కులో చుడితే తీగ పోగుల మధ్యలోకి దిగిపోయి దేన్నీ పట్టుకోదు. నేను మూడూ చేస్తాను, ఒక పురుగు సీజనంతా వస్తుంది, గాలం మొద్దుబారి పారేయాల్సిందే తప్ప ఈక తెగి కాదు.

ఇంకొందరు గాలం మీద సన్నగా జిగురు గీత గీసి తడి మీదే ఈక చుడతారు. పనిచేస్తుంది గానీ జిగురు ఎక్కువైతే పోగుల మీది నూగు అంటుకుపోయి ఆ మెరుపు చచ్చిపోతుంది. నెమలి ఈక వాడేదే ఆ కంచు-ఆకుపచ్చ మెరుపు కోసం. అది పోయాక నల్ల ఉన్ని చుట్టుకున్నా ఒకటే.

గాలిపటం_3 (ఆదివారం, ఉదయం 9:52)

సరే ఒప్పుకున్నా, మునిగేదానికి ఈక. కానీ ఫోమ్‌ది కూడా సరిగ్గా ఎలా కట్టాలో చెప్పేయ్ నల్లపెంకూ, నాది గాలం చుట్టూ తిరిగిపోతుంటుంది, చేప నోట్లోంచి జారిపోయినవి చాలా ఉన్నాయి (ఇందాక లెక్కలో అవి చెప్పలేదు).

నల్లపెంకు (ఆదివారం, ఉదయం 10:20)

హహ, నలభై అన్నప్పుడే అనుకున్నా.

తిరిగిపోవడానికి కారణం గాలం కాడ నున్నగా ఉండటం. ముందు దారం మొత్తం చుట్టి, చుక్క జిగురు వేసి, అప్పుడు ఫోమ్ కట్టాలి. పట్టీ వెడల్పు గాలం నోటి (మొనకీ కాడకీ మధ్య ఖాళీ) వెడల్పుకి మించకూడదు. రెండు మిల్లీమీటర్ల మందం 14వ నంబరుకి సరిపోతుంది. మొదట పట్టీని వంపు దగ్గర వెనక్కి చూసేలా కట్టి, ఒంటికి నెమలి ఈక చుట్టి, పట్టీని పై నుంచి ముందుకి మడిచి కంటి వెనక కట్టెయ్యాలి. మిగిలిన ముక్క కొంచెం వదిలి కత్తిరిస్తే అదే తల.

జారిపోవడానికి అసలు కారణం వేరే. మడిచేటప్పుడు ఫోమ్‌ని బాగా కిందికి లాగేస్తారు, అది పొట్ట కిందికి వచ్చి గాలం నోరు మూసేస్తుంది. చేప నోరు మూసినా మొన దేనికీ తగలదు. ఫోమ్ అంతా కాడకి పైనే ఉండాలి, కింద మొనకీ ఒంటికీ మధ్య ఖాళీ వెలుతురు కనపడాలి. కాళ్ళు పెడితే పక్కకి మూడేసి చొప్పున ఆరు, పెట్టకపోయినా నాకు తేడా కనపడలేదు. మనుషులకి తేడా కనపడుతుంది, డబ్బా తెరిచినప్పుడు.

సరస్సుగట్టు (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

పెంకు పురుగు అంటూ ఇంతసేపు మాట్లాడి కోచ్-ఎ-బొన్‌దూ అనే ఫ్లై పేరు ఎవరూ ఎత్తలేదేంటి? ఎలా పలకాలో తెలీకే అయ్యుంటుంది. ఇంగ్లీషువాళ్ళు "కాకబండీ" అని పలుకుతారు, మీరూ అలాగే అనేయండి. వేల్స్ భాష మాట, ఎరుపు, మొదలు దగ్గర నలుపు అని దాని అర్థం. హాకిల్ రంగు అదే మరి, కాడ దగ్గర నలుపు, మధ్యలో ఎరుపు, కొసల్లో మళ్ళీ నలుపు.

అసలు పురుగు గార్డెన్ చేఫర్. సెంటీమీటరు పొడవు, తల మీద ఆకుపచ్చ లోహపు మెరుపు, గోధుమరంగు పెంకులు. దాని పిల్లపురుగులు గడ్డి వేళ్ళు తింటూ భూమిలో పెరిగి మే నెలాఖరు నుంచి జూన్‌లో బయటికొస్తాయి. వేల్స్‌లో, స్కాట్లాండ్‌లో కొండ సరస్సుల చుట్టూ ఎండ కాసి గాలి వీచిన రోజున ఇవి గుంపులుగా నీళ్ళలోకి కొట్టుకొస్తాయి. అలాంటి రోజు ట్రౌట్ ఇంకేదీ ముట్టదు. ఒంటికి నెమలి ఈక, వెనక బంగారు రంగు తళుకు రెండు చుట్లు, ముందు ఆ హాకిల్. పెంకులూ లేవు, కాళ్ళూ లేవు, ఇది పెంకు పురుగా అని మనకి అనుమానం వస్తుంది, చేపకి రాదు.

నేను మూడు ఫ్లైలు కట్టి వేస్తాను. చివరిది ఏదైనా స్పైడర్, మధ్యలో ఇంకోటి, అన్నిటికంటే పైన కాకబండీ. రాడ్ ఎత్తుతూ లాగినప్పుడు పైది నీటి పొర మీద గీత గీసుకుంటూ వస్తుంది. చాలాసార్లు దాన్ని చూసి పైకి లేచిన చేప, వెనక్కి తిరిగి కింది స్పైడర్‌ని పట్టుకుంటుంది. కొత్తవాళ్ళు మూడు మాత్రం కట్టకండి. రెండు చాలు, మూడు కడితే చేపల కంటే చిక్కులు ఎక్కువ పడతాయి.

మొదటిముడి (ఆదివారం, రాత్రి 8:50)

ఇన్ని విషయాలా! పట్టుదారం గారూ, నాది పాలియెస్టరే, కొన్నప్పుడు నాకు తేడా తెలీదు. గ్లాసులో ముంచి చూశా, మీరన్నట్టే మిఠాయిలా వెలుగుతోంది.

ఈ రోజు కూర్చుని ఆరు కట్టా, ఒకటిన్నర చుట్టుతో. నిజం చెప్పాలంటే చూస్తే ఏడుపొస్తోంది, సగం కట్టి లేచిపోయినట్టుంది. ఇంకో ప్రశ్న, గ్రీన్‌వెల్ మాట వచ్చింది కదా, దానికి ఈక ముక్కలతో రెక్క ఉంటుంది కదా అని అదీ ప్రయత్నించా. రెక్క ముక్క కట్టగానే చీలిపోయి చీపురులా అవుతోంది, లేకపోతే గాలం అవతలి వైపుకి తిరిగిపోతోంది.

నీటికోడి (ఆదివారం, రాత్రి 9:05)

సగం కట్టి లేచిపోయినట్టుందా? అయితే సరిగ్గా వచ్చింది.

రెక్కకి ఎడమ రెక్క ఈక ఒకటి, కుడి రెక్క ఈక ఒకటి, రెంటి నుంచి ఒకే వెడల్పు ముక్కలు తీసి జత చేయాలి. ఒకే వైపు ఈకవి రెండు తీసుకుంటే వంపు కుదరక తిరుగుతుంది. చీలిపోవడం మాత్రం దారం లాగే పద్ధతిలోనే ఉంది. రెక్కని బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా పట్టుకుని, దారాన్ని వేళ్ళ మధ్యలోకి వదులుగా పైకి పోనిచ్చి, అవతలి వైపు దింపి, అప్పుడు నిటారుగా కిందికి లాగాలి. పోగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వేళ్ళు వదలకుండా ఇంకో రెండు చుట్లు. కట్టే చోట దారం గుట్టలా ఉంటే ఎంత పట్టుకున్నా రెక్క పక్కకి జారుతుంది, కింద సమంగా ఉండాలి.

కానీ నా మాట వింటే రెక్కలు వచ్చే సీజన్‌కి వాయిదా వేయండి. చేప పట్టడానికి రెక్క అవసరం అని నేను నమ్మను.

పట్టుదారం (ఆదివారం, రాత్రి 9:20)

ఈ ఒక్క విషయంలో నీటికోడి గారితో నేనెప్పుడూ ఒప్పుకోను. రెక్క చేపకి కాదు, నాకు కావాలి.

ముల్లుతీసినగాలం (సోమవారం, ఉదయం 7:00)

ఆలస్యంగా వచ్చా. ఈక తెగే గొడవకి స్టీవర్ట్ పద్ధతి ఎవరూ చెప్పలేదు. 1850ల నాటి స్కాట్లాండ్ మనిషి, ఆయన బ్లాక్ స్పైడర్‌కి గోధుమరంగు దారం, స్టార్లింగ్ పిట్ట ఈక, ఇంకేం లేదు. ఆయన ఈకని దారంతో కలిపి మెలేసి, ఒంటి ముందు సగం అంతా చుట్టాడు. ఈక కాడకి దారం తోడు ఉండటంతో పళ్ళకి అంత త్వరగా తెగదు. నల్లపెంకు నెమలి ఈకకి చెప్పింది కూడా ఇదే ఉపాయం కదా, పాతదే.

ఇంకోటి, ఫ్లై మునగకపోవడం ఒక్క కట్టుడు తప్పే కాకపోవచ్చు. కొత్త ఈకల్లో నూనె ఉంటుంది, లీడర్ (లైను చివర ఫ్లై కట్టే సన్నటి దారం) మీద కూడా చేతి జిడ్డు ఉంటుంది. ముల్తానీ మట్టి, గిన్నెలు తోమే ద్రవం, రెండు చుక్కల గ్లిజరిన్ కలిపి ముద్దలా చేసి ఒక చిన్న డబ్బాలో జేబులో పెట్టుకోండి. లీడర్ చివర మూడడుగులు దాంతో తుడిస్తే పొరని కోసుకుని దిగిపోతుంది. ఫ్లైని ఒడ్డు బురదలో ఒకసారి నలపండి, మనసు ఒప్పుకోదు గానీ నలపండి.

స్పైడర్లని కిందికి, అడ్డంగా వేసి లాగడమే కాదు, పైకి, అంటే ప్రవాహానికి ఎదురుగా పొట్టి లైనుతో వేసి చూడండి. చేప మీకు వెనక్కి తిరిగి ఉంటుంది, చాలా దగ్గరికి వెళ్ళొచ్చు. కష్టం ఏంటంటే పట్టినప్పుడు చేతికి ఏమీ తెలీదు, లైను ఒక్క క్షణం ఆగినట్టు కనపడుతుంది, అప్పుడే రాడ్ ఎత్తాలి.

మొదటిముడి (రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 7:45)

చెప్పాలని ఆత్రంగా ఉంది.

పట్టుదారం దొరికింది, ఒకటిన్నర చుట్టు స్పైడర్లు ఎనిమిది, రాగి తీగ చుట్టిన పెంకు పురుగులు ఐదు, ఫోమ్‌వి రెండు పట్టుకెళ్ళా. పొద్దున్నంతా ఏమీ లేదు. స్పైడర్ ఎదురుగా వేస్తే లైను ఎక్కడ ఆగిందో ఎక్కడ ఆగలేదో నాకు అర్థం కాలేదు, ఆగినట్టనిపించిన ప్రతిసారీ ఎత్తా, రెండు రాళ్ళు, ఒక కొమ్మ పట్టుకున్నా. తర్వాత కిందికి వేసి వదిలేస్తే రెండు చిన్నవి పడ్డాయి.

మధ్యాహ్నం గాలి లేచింది. చెట్లు వంగిన ఒక గట్టు కింద, నీడలో, ఒక చేప చిన్నగా పెదవులు ఆడిస్తోంది. ఫోమ్ పురుగు వేశా, కాస్త గట్టిగానే పడింది, టప్‌మని చప్పుడైంది, పాడైపోయింది అనుకున్నా. ఆ చప్పుడుకే తిరిగి వచ్చి నోట్లో వేసుకుంది. నేను కంగారులో వెంటనే లాగేశా, ఊడిపోయింది. ఇక రాదనుకుని పది నిమిషాలు కూర్చుని, ఈసారి నెమలి ఈకది, మునిగేది వేశా. లైను పక్కకి జరిగింది. పెద్దదే, నా వరకు. వదిలేశా. ఆ ఒక్క పురుగుతోనే తర్వాత ఇంకో నాలుగు. ఈక ఇంకా చెక్కుచెదరలేదు, ఇప్పుడే దీపం కింద పెట్టి చూశా.

నల్లపెంకు (శనివారం, రాత్రి 8:02)

భలే. ఫోమ్‌కి వెంటనే లాగకండి. పెంకు పురుగు ఎటూ పారిపోదని ట్రౌట్‌కి తెలుసు, తీరిగ్గా తింటుంది. నోరు మూసి తల కిందికి వంచేదాకా ఆగి అప్పుడు ఎత్తాలి. ఆ చప్పుడు కూడా తప్పు కాదు, కొమ్మ మీంచి పురుగు పడితే అలాగే పడుతుంది.

గాలిపటం_3 (శనివారం, రాత్రి 8:10)

చెప్పు ముక్కకి వచ్చిన చేపని ఈకకి లెక్క రాసుకుంటున్నారు. నేను ఒప్పుకోను.

నీటికోడి (శనివారం, రాత్రి 8:14)

ఊడిపోయిన చేప ఎవరి లెక్కలోనూ రాదు.

మొదటిముడి గారూ, ఆ రెండు చిన్నవి ఏ స్పైడర్‌కి పడ్డాయి? చుట్లు ఎన్ని?

మొదటిముడి (శనివారం, రాత్రి 8:30)

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒకటి ఒకటిన్నర చుట్టుదానికి. రెండోది పాత బ్రష్‌కి, డబ్బాలో మూల ఒకటి మిగిలిపోయి ఉంటే, బురదలో బాగా నలిపి వేశా.